మెర్ల్ మోచేతి ఎత్తు తొట్టి

మెర్ల్ క్రంబాక్ బూట్లు తొడుక్కుని నిలబడితే అయిదడుగుల నాలుగంగుళాలు. బూట్లు విప్పితే ఎంతో అతని భార్య ఆర్డిత్‌కి మాత్రమే తెలుసు, ఆవిడ చెప్పదు. మా కౌంటీలో ముప్పయ్యెనిమిదేళ్ళుగా బోరు పంపులు బాగుచేస్తున్నది అతనే. పొలాల మధ్య ఇళ్ళలో కుళాయి ఆగిపోతే జనం ముందు దేవుణ్ణి తలుచుకుని, తర్వాత మెర్ల్‌కి ఫోన్ చేసేవారు. తొందరలో ఉన్నవాళ్ళు దేవుడి దాకా పోయేవారు కాదు.

అతనికో చిన్న పికప్పు ట్రక్కు ఉండేది. తొంభై మూడులో కొన్నది. కొన్నప్పుడు ఎరుపట. నా కంటపడేసరికి ఎండి వెలిసిన మిరపకాయ రంగుకొచ్చింది. దాని వెనక తొట్టి అంచు సరిగ్గా మెర్ల్ మోచేతి ఎత్తు. పక్కన నిలబడి, ఎడమ మోచెయ్యి అంచు మీద ఆనించి, మొహం రైతు వైపే ఉంచి కబుర్లాడుతూ, కుడిచేత్తో తొట్టి అడుగు నుంచి కావలసిన రెంచీ తీసేవాడు. అటు చూసేవాడే కాదు. డెబ్బై పౌండ్ల పంపైనా అంతే. నేల మీంచి తొడ మీదికి, తొడ మీంచి అంచు మీదికి, అంచు మీంచి లోపలికి. మూడు ఊపులు. పక్కన ఇంకో మనిషి అక్కర్లేదు.

ఆ పక్కన మనిషి అక్కర్లేకపోవడమే మెర్ల్‌కి ప్రాణం. నాలుగేళ్ళ క్రితం అతని కుడి భుజానికి ఆపరేషనయింది. ఆస్పత్రి మంచం పక్కన కూర్చుని ఆర్డిత్ అతని దగ్గర మాట తీసుకుంది.

"ఒక్కడివే బండిలోకి ఎత్తుకోగలిగినన్నాళ్ళు పని చేసుకో. ఏ రోజు ఎత్తలేవో ఆ రోజు ఫోన్ పీకేస్తాను. సరేనా?"

"సరే."

"మత్తులో అంటున్నావా, తెలివితో అంటున్నావా?"

"తెలివుంటే ఒప్పుకునేవాణ్ణా?"

మెర్ల్ క్రంబాక్ మాటిచ్చి తప్పిన సంగతి మా ఊరు లార్క్‌విల్‌లో ఎవరూ ఎరగరు. అందుకే ఈ కథ ఇంత దూరం వచ్చింది.

నాది ఊరి చివర మెకానిక్ షెడ్డు. మా ఇండియానా రాష్ట్రంలో చలికాలం రోడ్ల మీద గడ్డకట్టిన మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు మనుషుల్ని జారి పడనివ్వదు గానీ బండ్లను బతకనివ్వదు. రెండువేల పదిహేడు మార్చిలో మెర్ల్ ఎర్ర బండి ఒక పక్కకి ఒరిగి, కుంటుకుంటూ నా షెడ్డుకొచ్చింది. పైకెత్తి, కింద స్క్రూడ్రైవరుతో పొడిచి చూశాను. కేకు ఉడికిందో లేదో చూడ్డానికి పుల్ల గుచ్చితే దిగినట్టు మెత్తగా దిగింది.

"క్యాబిన్ కింద ఛాసీ పోయింది మెర్ల్. వెనక సగం బానే ఉంది. ముందు సగం అలవాటు కొద్దీ అంటుకునుందంతే."

"వెల్డింగు పెట్టు."

"దేనికి దేన్ని పెట్టను? తుప్పుకి తుప్పునా?"

మెర్ల్ టోపీ తీసి, తల గోక్కుని, మళ్ళీ పెట్టుకున్నాడు. బండిని షెడ్డు వెనక కలుపు మొక్కల్లోకి తోసేశాం. తోస్తున్నంతసేపూ అతని మోచెయ్యి ఆ అంచు మీదే ఉంది.

మర్నాడు ఇద్దరం కలిసి కొత్త బండ్ల షోరూముకి వెళ్ళాం. ట్రెంట్ అనే కుర్ర సేల్స్‌మన్ చెయ్యి చాచుకుంటూ ఎదురొచ్చాడు.

"చిన్న ట్రక్కు కావాలి" అన్నాడు మెర్ల్.

"ఇదే సర్, మా దగ్గర అన్నిటికంటే చిన్నది."

మెర్ల్ వెళ్ళి దాని తొట్టి పక్కన నిలబడ్డాడు. అంచు అతని గడ్డానికి కాస్త కిందుగా వచ్చింది. అవతలి పక్కనున్న నాకు టోపీ, దాని కింద మొహం తప్ప మనిషి కనిపించలేదు.

"నేను చిన్నదన్నాను బాబూ."

"చిన్నదే సర్. పెద్దది చూపించమంటారా?"

"దీని అడుగున పడ్డ రెంచీ నేనెలా తియ్యాలి?"

"వెనక తలుపు దింపి, లోపలికెక్కి తీసుకోవచ్చు సర్. తొట్టిలోకి కెమెరా కూడా ఉంది."

"కెమెరా రెంచీ తీసిస్తుందా?"

"ఎక్కడుందో చూపిస్తుంది సర్."

మెర్ల్ నా వైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను.

"మైలేజీ ఎంత?"

"గ్యాలనుకి పందొమ్మిది సర్."

"పాతికేళ్ళనాటి నా తుప్పు బండి పాతికిచ్చేది."

"కానీ ఇందులో కప్పులు పెట్టుకోడానికి తొమ్మిది చోట్లున్నాయి సర్."

"నాకున్నది ఒక్క నోరు" అని మెర్ల్ బయటికి నడిచాడు.

పాత చిన్న బండి ఎక్కడైనా దొరుకుతుందేమోనని నెల రోజులు వెతికాడు. పక్క కౌంటీలో ఒకటి దొరికినట్టే దొరికింది. అచ్చం ఎర్ర బండికి కవల. దాని సొంతదారు ఒక సోకుల కుర్రాడు. ఊదా రంగు వేయించి, తళతళా తుడిచి పెట్టుకున్నాడు. అమ్మనన్నాడు. "ఇందులో ఏమీ ఎక్కించనండీ, గీతలు పడతాయి. ప్రదర్శనలకి తీసుకెళ్తానంతే" అన్నాడట. ఆ మాట నాకు చెబుతున్నప్పుడు మెర్ల్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. పంపులు మోయాల్సిన బండి పాపం అద్దాల పెట్టెలో బొమ్మయి కూర్చుందన్న బాధ అది.

అసలు చిన్న బండ్లు ఏమైపోయాయన్నది ఫిలిస్ ఎబర్లీ వల్ల తెలిసింది. ఆవిడ డెట్రాయిట్‌లో ఒక కార్ల కంపెనీలో ముప్పయ్యొక్కేళ్ళు డ్రాయింగులు గీసి, రిటైరై మా ఊరొచ్చింది. ఏటా వసంతంలో మా అగ్నిమాపక కేంద్రంలో పాన్‌కేకుల విందు పెడతారు. మంటలార్పే బండ్లను బయటికి తోసి, ఆ చోట బల్లలు వేస్తారు. మెర్ల్ ఆవిడ ఎదురుగా కూర్చుని, పళ్ళెంలోది ముట్టుకోకుండా గోడు వెళ్ళబోసుకున్నాడు.

ఫిలిస్ అతని సాసేజీని నాలుగు ముక్కలు కోసి, అతని పాన్‌కేకు నాలుగు మూలలా పెట్టింది.

"ఇవి చక్రాలనుకో. ప్రభుత్వం ఈ నాలుగు చక్రాల మధ్య జాగా కొలుస్తుంది. జాగా చిన్నదైతే మైలేజీ ఎక్కువివ్వాలంటుంది. జాగా పెద్దదైతే తక్కువిచ్చినా ఊరుకుంటుంది."

"పెద్దదానికి తక్కువా?"

"ఎవరి తాహతుకి తగ్గట్టు వాళ్ళు బాగుపడండని వాళ్ళ ఉద్దేశం. దుర్మార్గమేం కాదు. కానీ నీ చిన్న ట్రక్కు చూడు. జాగా చూస్తే కారంత, మోసే బరువు చూస్తే ట్రక్కంత. కారుకి దగ్గరగా మైలేజీ ఇమ్మంటే అదెక్కణ్ణుంచి తెస్తుంది? ఇంజను మెరుగుచెయ్యాలంటే ఏళ్ళు పడుతుంది. అదే చక్రాలు దూరం జరపాలంటే..." ఆవిడ నా పళ్ళెంలోని పాన్‌కేకు కూడా లాక్కుని, మెర్ల్‌దానికి ఆనించి, రెండు సాసేజీ ముక్కల్ని దాని చివరికి జరిపింది. "ఇదిగో, ఇంతసేపు."

మెర్ల్ ఆ పళ్ళేన్ని తన వైపు తిప్పుకున్నాడు.

"అంటే పెట్రోలు తక్కువ తాగండని పెట్టిన రూలు, ఎక్కువ తాగేదాన్ని చేసుకోమంటోందా?"

"అనదు. దారి తెరిచి ఊరుకుంటుంది. తప్పంతా రూలుదేనని నేననను. జనానికీ పెద్దవే కావాలి, కంపెనీలకి లాభమూ పెద్దవాటి మీదే. చిన్నదాన్ని పూడ్చడానికి ముగ్గురూ తలో పార పట్టారు."

"సరే, నా సాసేజీ నాకిచ్చేయండి" అన్నాడు మెర్ల్ కోపంగా. కానీ ఫిలిస్ మాటల మధ్యలో ఒక చక్రం తినేసింది.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే.

ఆ సాయంత్రం మెర్ల్ నా షెడ్డుకొచ్చి ఆ రూలు పెట్టిన రాజధాని ఆఫీసుకి ఉత్తరం రాశాడు. రాస్తే రాశాడు, ఒక గోధుమరంగు కాగితం చుట్ట తెచ్చి బల్ల మీద పరిచి, తన కుడిచెయ్యి భుజం దాకా దాని మీద పెట్టి, చుట్టూ పెన్సిలుతో గీయమన్నాడు. గీశాను. మోచెయ్యి దగ్గర 'ఇక్కడ' అని పెద్దక్షరాలతో రాసి, బాణం గుర్తు పెట్టి, మడిచి, కవరులో పెట్టి పంపాడు. జూన్‌లో జవాబొచ్చింది. వెనక సీట్ల సౌకర్యం పట్ల అతను చూపిన శ్రద్ధకి అందులో కృతజ్ఞతలు చెప్పారు. చెయ్యి బొమ్మ తిరిగి రాలేదు. ఏ ఫైల్లో చాచుకుని పడుకుందో.

అప్పటికే పని ఆగకూడదని మెర్ల్ ట్రెంట్ దగ్గర ఆ పెద్ద బండి కొనేశాడు. మింగలేడు, కక్కలేడు. బండి వచ్చిన వారానికే ఆర్డిత్ నా షెడ్డుకొచ్చింది.

"వెండెల్, నా మెట్ల స్టూలు చూశావా? వంటింట్లోది. పై అరలు అందక చస్తున్నాను."

"ఏ స్టూలు?" అన్నాను.

నేను చూశాను. ఆ స్టూలు మెర్ల్ సీటు వెనక, పాత కోటు కింద ఉంది. పంపును ముందు స్టూలు మీదికి, స్టూలు మీంచి దించిన వెనక తలుపు మీదికి చేర్చి, తను పైకెక్కి లోపలికి ఈడ్చుకునేవాడు. మూడు ఊపుల పనికి ఇప్పుడు పావుగంట, నాలుగు బూతులు. రైతులు సాయం చెయ్యబోతే కసురుకునేవాడు. "చెప్పకు" అని నా దగ్గరా మాట తీసుకున్నాడు. యాభై రెండేళ్ళొచ్చి, చర్చిలో కానుకల పళ్ళెం తిప్పేవాణ్ణి, ఒక స్టూలు కోసం ఆర్డిత్ మొహం మీద అబద్ధమాడాను.

"ఏ స్టూలా?" అంది ఆవిడ. నా మొహం చూసింది. వెళ్ళిపోయింది.

అక్టోబరులో తొలి మంచు పడింది. పంపుల్లో నీళ్ళు గడ్డకడితే పగిలిపోతాయి. బండి రాత్రిళ్ళు గ్యారేజీలో ఉండక తప్పదు. నేనే టేపు పట్టుకుని వెళ్ళాను. గ్యారేజీ లోతు ఇరవై అడుగులు. బండి పొడవు పందొమ్మిదడుగుల నాలుగంగుళాలు.

"ఎనిమిదంగుళాలు మిగులుతుంది" అన్నాను ఛాతీ విరుచుకుని. "కొలతంటే ఇదీ."

ఒక్కటి మర్చిపోయాను. మా వైపు ప్రతి గ్యారేజీలోనూ కప్పు నుంచి తాడు కట్టి పాత టెన్నిస్ బంతి ఒకటి వేలాడదీస్తారు. బండి లోపలికి పోనిచ్చేటప్పుడు ఆ బంతి వచ్చి ముందద్దానికి తగిలితే ఆపాలి. గోడకెంత దూరంలో ఉన్నామో ఎవరూ తొంగి చూడరు, బంతినే నమ్ముతారు. మెర్ల్ బంతి ఇరవై నాలుగేళ్ళుగా అక్కడే వేలాడుతోంది. ఎర్ర బండి కొన్న రోజున, ఎర్ర బండికి కొలిచి కట్టిన బంతి అది. దాని పొట్టి బానెట్‌కి గోడ ఇంకా అడుగు దూరంలో ఉండేది. కొత్తదాని బానెట్ దానికంటే రెండడుగులు పొడవు. పైగా ఆ సీట్లో కూర్చుంటే మెర్ల్ ఎత్తు మనిషికి ముందు గోడ పైసగం కనిపిస్తుంది తప్ప, ముక్కు ఎక్కడుందో కనిపించదు.

నేను గ్యారేజీ బయట నిలబడి, రా రమ్మని చెయ్యి ఊపుతున్నాను. మెర్ల్ మాత్రం బంతి వైపే చూస్తూ పోనిచ్చాడు.

ఆ గోడ అవతల ఆర్డిత్ కొట్టుగది. వేసవంతా ఉడికించి సీసాల్లో పెట్టిన పీచ్ పళ్ళు, టమాటాలు, బీట్‌రూట్లు అరల నిండా ఉన్నాయి. ముందు చెక్క విరిగిన చప్పుడు. తర్వాత గాజు. తర్వాత, ఒక్కొక్కటిగా, తీరిగ్గా, మిగతా గాజు.

ఆర్డిత్ వంటింట్లోంచి వచ్చి కొట్టుగది తలుపు తీసింది. లోపల, పీచ్ పళ్ళకీ టమాటాలకీ మధ్య, తళతళలాడే ఉక్కు పళ్ళతో ఒక పెద్ద మొహం, రెండు దీపాలు వెలిగించుకుని ఆవిడనే చూస్తోంది.

"మెర్ల్!"

"బంతి ఇంకా తగల్లేదు!" అని సీట్లోంచి కేకేశాడు మెర్ల్. నిజమే. బంతి ముందద్దానికి ఆరంగుళాల దూరంలో అమాయకంగా ఊగుతోంది.

"ఇంజనాపు. టమాటాలు మళ్ళీ ఉడుకుతున్నాయి."

ఆపాడు. తలుపు తీశాడు. కంగారులో ఒళ్ళు తెలియలేదు. రోజూ చేసే అలవాటు కొద్దీ సీటు వెనక చెయ్యి పెట్టి, కోటు కింద నుంచి స్టూలు తీసి, నేల మీద పెట్టి, దాని మీద కాలు మోపి దిగాడు.

అప్పటికి ఆర్డిత్ ఇంటి చుట్టూ తిరిగి గ్యారేజీలోకి వచ్చింది. ఆవిడ గోడ వైపు చూడలేదు. స్టూలు వైపు చూసింది. తర్వాత నా వైపు.

"ఏ స్టూలా?" అంది.

నేను బంతి వైపు చూశాను.

"ఎన్నాళ్ళుగా?"

"ఏప్రిల్ నుంచి" అన్నాడు మెర్ల్. "స్టూలు మనిషి కాదు కదా ఆర్డిత్. ఒక్కణ్ణే ఎత్తుతున్నాను."

"అయితే ఎత్తు. స్టూలు లేకుండా. ఇప్పుడే, నా ముందు."

మూలనున్న పంపు దగ్గరికి వెళ్ళాడు. తొడ మీదికి ఎత్తాడు. అక్కడి నుంచి ఊపాడు. ఛాతీ దాకా వచ్చి ఆగింది. అంచు ఇంకా జానెడు పైనుంది. దించాడు. మళ్ళీ ఎత్తాడు. భుజం దగ్గర ఏదో పట్టేసినట్టు మొహం పెట్టాడు. మూడోసారి నేనొక అడుగు ముందుకేశాను.

"కదలకు వెండెల్" అంది ఆర్డిత్.

మూడోసారీ కాలేదు. మెర్ల్ పంపును నేల మీద పెట్టి, స్టూలు మీద కూలబడ్డాడు. గోడకున్న కన్నంలోంచి పీచ్ రసం ఒక్కో చుక్కే బంపరు మీంచి కారుతోంది.

"ఫోన్ పీకేసుకో" అన్నాడు, తలెత్తకుండా.

ఆర్డిత్ గోడ కన్నంలోంచి రెండు టమాటాలు లాగి అవతల పారేసింది. మాట్లాడినప్పుడు ఆవిడ కోపం మెర్ల్ మీద కాదని తెలియడానికి నాకు కొంచెం టైము పట్టింది.

"నాలుగేళ్ళుగా ఈ రోజు కోసం ఎదురుచూశాను. నీ భుజం అరిగిపోతే, నీ మోకాళ్ళు మొరాయిస్తే, మంచిదే, ఇంట్లో కూర్చుంటావు అనుకున్నాను. ఎవరో టేపు పట్టుకుని చక్రాలు కొలిస్తే, ఇంకెవరో వాటిని దూరం జరిపితే, మా ఆయన పని మానుకోవడమేంటి? నేను మాట తీసుకున్నది ఎర్ర బండి మీద. ఎక్కడుంది అది, వెండెల్?"

"షెడ్డు వెనక. కలుపులో."

"ఆ పంపు పట్టుకుని పదండి."

చేతులకి టమాటా రసంతోనే వచ్చింది. ముగ్గురం నా బండిలో ఇరుక్కుని, ఒళ్ళో పంపుతో షెడ్డుకెళ్ళాం. ఎర్ర బండి నడుం లోతు గడ్డిలో పడుంది. మెర్ల్ దాని పక్కకెళ్ళి, ఏమీ ఆలోచించకుండా ఎడమ మోచెయ్యి అంచు మీద పెట్టాడు. పంపు తీసుకున్నాడు. తొడ మీదికి. అంచు మీదికి. లోపలికి.

ఆర్డిత్ చేతులు కట్టుకుని చూసింది.

"ఇంకోసారి."

తీశాడు, ఇంకోసారి ఎత్తాడు. ఈసారి ఎత్తుతూ నాతో ఏదో కబురు కూడా మొదలెట్టాడు.

"చాలు" అంది. "ఫోన్ ఉంటుంది. బండి సంగతి మీరిద్దరూ చూసుకోండి. గోడ సంగతి కూడా."

నేను గడ్డిలో వెల్లకిలా పడుకుని, సుత్తితో ఛాసీ వెనక సగాన్ని కొట్టి చూశాను. ఖణఖణమంది. మార్చిలో నా నోటితో నేనే అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. ముందు సగాన్ని కోసి పారేసి, వెనక చక్రాలూ తొట్టీ ఉంచి, ముందో ఇనుప కొక్కెం వెల్డ్ చేస్తే, లాగుడు బండి అవుతుంది. రెండు వారాలు పట్టింది.

ఇప్పుడు మెర్ల్ పనికి వెళ్తుంటే ఊరంతా ఆగి చూస్తుంది. ముందు పెద్ద బండి, దాని తొట్టి ఖాళీ. అందులో ఎండాకులు తప్ప ఏమీ ఉండవు. దాని వెనక, ఏనుగు తోక పట్టుకుని నడిచే పిల్లలా, ఎర్ర బండి తొట్టి. పంపులు, గొట్టాలు, రెంచీలు అన్నీ అందులోనే. రాత్రిళ్ళు గ్యారేజీలో పడుకునేది ఆ తొట్టే. పెద్ద బండి బయట మంచులో తడుస్తుంది. రెండూ కలిసి గ్యాలనుకి పదిహేను మైళ్ళు కూడా ఇవ్వడం లేదు. పెట్రోలు బంకులో మెర్ల్ మోచెయ్యి ఎర్ర అంచు మీద పెట్టి, మీటరులో అంకెలు తిరుగుతున్నంతసేపూ వినకూడని మాటలంటుంటాడు. ఫిలిస్ కారులో అటుగా వెళ్తే కిటికీ అద్దం ఎత్తేసుకుంటుంది.

మొన్న మళ్ళీ ఆ ఆఫీసుకి ఉత్తరం రాశాడు. ఈసారి చెయ్యి బొమ్మ వద్దన్నాడు, ఫోటో కావాలన్నాడు. పెద్ద బండి, దాని వెనక చిన్న తొట్టి, తొట్టి పక్కన తను, మోచెయ్యి అంచు మీద. మొత్తం ఒక్క ఫోటోలో పట్టాలట. నేను రోడ్డు అవతలికి వెళ్ళి నిలబడ్డాను.

"పట్టిందా?" అని అరిచాడు మెర్ల్.

"నువ్వు పట్టావు. బండి ముక్కు రాలేదు."

"ఇంకా వెనక్కెళ్ళు."

కాలవ దాటి, కోసేసిన మొక్కజొన్న చేలోకి వెళ్ళాను. బూట్లు బురదలో దిగబడ్డాయి.

"ఇప్పుడు?"

"ఇప్పుడు బండి ముక్కు వచ్చింది. నువ్వు మరీ చిన్నగా కనిపిస్తున్నావు."

"పర్లేదు, తియ్యి" అన్నాడు. "వాళ్ళకి తెలియాల్సింది అదే."